పక్కవాడి మాట

మా విజయనగరంలో కొత్తవాడు ఒక ఇల్లు వెతుక్కోవడం ఎప్పుడైనా చూశారా? చేతిలో చీటీ వుంటుంది. చీటీ మీద డోరు నెంబరు వుంటుంది. ఆ నెంబరు ఎక్కడున్నదో ఆ ఇంటాయనకు తప్ప మరొకరికి తెలియదు. అందుచేత కొత్తవాడు మొదటి కిళ్ళీకొట్టు దగ్గర ఆగి అడుగుతాడు. కొట్టువాడు ఇల్లు తనకు తెలుసునని అనడు. "తిన్నగా వెళ్ళి వేపచెట్టు దగ్గర ఎడం వేపు తిరగండి. అక్కడ ఇస్త్రీ బండి వుంటుంది, వాణ్ణి అడగండి" అంటాడు. ఇస్త్రీ బండివాడు రామకోవెల దాకా పంపిస్తాడు. కోవెల ముందు పువ్వులమ్మే ఆమె, "అదిగో బాబూ, ఆ నీలం గేటు" అంటుంది. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరికీ మొత్తం దారి తెలియదు. అయినా మనిషి ఇల్లు చేరుతాడు.

మొన్న పండక్కి మా బావమరిది వచ్చాడు. బెంగుళూరులో కంప్యూటర్ల ఉద్యోగం. "పదేళ్ళనుంచి చూస్తున్నాను, నువ్వు చేసే పనేమిటో నాకు బోధపడలేదు. ఒక్కసారి తెలుగులో చెప్పవోయ్" అన్నాను.

"తెలుగు ఎం.ఏ. గారికి తెలుగులో చెప్పడం నీవల్ల కాదురా" అని వంటింట్లోంచి మా ఆవిడ అందించింది.

"ఏమీ లేదు బావగారూ, ఆ కిళ్ళీకొట్టువాడు చేసే పనే నేను చేయిస్తాను" అన్నాడు వాడు. "ఒక కంప్యూటరు నుంచి ఇంకొక కంప్యూటరుకు ఉత్తరం వెళ్ళాలంటే నడుమ పదో పదిహేనో పెట్టెలు వుంటాయి. ఒక్కొక్క పెట్టె, 'ఇది ఫలానా చోటికా? అయితే ఆ పక్కవాడికి ఇయ్యి' అంటుంది. అంతే. దాన్ని రూటింగు అంటారు."

నేను వెంటనే దానికి 'మార్గనిర్దేశం' అని పేరు పెట్టబోయాను. వాడు నవ్వాడు. సరే, 'దారి చెప్పడం' అనుకుందాము. కిళ్ళీకొట్టువాడికి కూడా తెలిసే మాట.

ఈ దారి చెప్పే విద్యకు పునాది వేసినవారిలో పాల్ బారన్ అనే ఆయన ముఖ్యుడట. అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థలో పనిచేశాడు. అణుబాంబుల భయం అందరి గుండెల్లోనూ వున్న రోజులు. అప్పటి టెలిఫోను వ్యవస్థ చెట్టు లాంటిది. కొమ్మలన్నీ ఒక మానుకు చేరతాయి. మాను మీద పిడుగు పడితే ఆకు ఆకుకూ సంబంధం తెగుతుంది. అలా కాకుండా చేపల వల లాగా అల్లితే ఎలా వుంటుందని బారన్ ఆలోచించాడు. వలలో పది ముడులు తెగినా వల వలే. ఒక్కొక్క ముడికి మూడు నాలుగు దారాలుంటే చాలు, సగానికి సగం ముడులు పోయినా మిగిలినవి చాలావరకు ఒకదానినొకటి అందుకోగలవని లెక్కలు వేసి చూపించాడు. 1964లో ఇదంతా సంపుటాలు సంపుటాలుగా అచ్చయింది.

వలలో ఉత్తరం ఎలా నడవాలి? దానికి ఆయన పెట్టిన పేరు వేడి దుంప. ఉడుకుతున్న దుంప చేతిలో పడితే మనం ఆలోచిస్తూ కూర్చోము గదా, ఖాళీగా వున్న పక్క చేతిలోకి విసురుతాము. ఉత్తరాన్ని ముక్కలు చేసి, ముక్క ముక్కకీ చిరునామా రాసి, వలలోకి విసరడమే. ఒక ముక్క తూర్పునుంచి, ఇంకొక ముక్క పడమటినుంచి పోయినా చివరింట్లో వరుసగా పేర్చుకుంటారు. నడుమ పోస్టుమాస్టరు లేడు, పెద్దాఫీసు లేదు. ఆ దేశపు పెద్ద టెలిఫోను సంస్థ వారికి ఇది చాదస్తంగా తోచి, ఒప్పుకోలేదు. కాని ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ అనే ఆయన ఇదే ఆలోచనకు తనంతట తానే వచ్చాడు. 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాలో రెండు ఊళ్ళ మధ్య మొదటి మాట నడిచింది. పంపదలచినది అయిదక్షరాల మాట. రెండక్షరాలు వెళ్ళగానే అవతలి యంత్రం కూలబడింది. ఆ తరువాత కొంతసేపటికి సర్దుకున్నదిలెండి. శుభమా అని మొదలుపెడితే ఇలాగే వుంటుంది. దాని పేరు ఆర్పానెట్టు. నేటి ఇంటర్నెట్టుకు అమ్మమ్మ.

"అయితే పక్కవాడికి దారి తెలుసునని ఈ పెట్టెకు ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

"పక్కవాడు చెబితేనే. అన్ని పెట్టెలూ తమ పక్కవాళ్ళతో, 'ఫలానా ఊరు నాకు ఇన్ని గడపల దూరం' అని చెప్పుకుంటూ వుంటాయి. ఆర్పానెట్టు తొలిరోజుల్లో సెకను తిరక్కుండానే మళ్ళీ మళ్ళీ చెప్పుకునేవి. విన్నవాడు దానికి ఒకటి కలుపుకుని తన పక్కవాడికి చెబుతాడు. అలా ఎవరూ పటం గీయకుండానే ఊరంతా దారులు తెలిసిపోతాయి."

"పక్కవాడు అబద్ధం చెబితే?"

వాడు కాఫీగ్లాసు కింద పెట్టాడు. "అదే బావగారూ మా వృత్తికంతటికీ తలనొప్పి" అన్నాడు.

వాడలా అనగానే నాకూ మా ఆవిడకూ ఒకేసారి 2014 గుర్తుకు వచ్చింది. ఆ సంగతి ఇదివరకెప్పుడూ రాయలేదు.

ఆ యేడు అక్టోబరు 12, ఆదివారంనాడు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మా అమ్మ భీమిలిలో, సముద్రానికి దగ్గరగా, మా తాతగారినాటి పెంకుటింట్లో ఒంటరిగా వున్నది. రమ్మంటే రాలేదు. ఆవిడకు తులసికోటను విడిచిపెట్టడం ఇష్టం వుండదు. నాకేమో అంతకు వారం ముందే కాలు విరిగి, మోకాలిదాకా కట్టు. మా అమ్మాయికి మూడో యేడు. ఆదివారం మధ్యాహ్నానికి కరెంటు పోయింది. చీకటిపడేలోపల ఇంట్లో వున్న మూడు సెల్‌ఫోన్లూ మూగవోయాయి.

పాఠకులు ఒక్క సంగతి గమనించాలి. నేను ఎదురింటాయనకు ఫోను చేసినా ఆ మాట వీధి దాటి ఎదురింటికి వెళ్ళదు. ముందు టవరుకు వెళుతుంది, అక్కడినుంచి తిరిగి ఎదురింటికి వస్తుంది. టవరు పడిపోయినా, దానికి కరెంటు లేకపోయినా, చేతిలో వున్నది దీపం వెలిగే పలక మాత్రమే. బారన్ భయపడిన మాను అదే. చేతికి తీగ లేదు గదా అని మనం మానును మరిచిపోయాము.

సోమవారం పొద్దున్న మా ఆవిడ ఎదురింటావిడతో, "అత్తగారిది పాత పెంకుటిల్లు. కూలిందో ఏమిటో, ఏ కబురూ లేదు" అని బాధపడింది. సాయంత్రానికి ఇస్త్రీ బండివాడు గుమ్మంలోకి వచ్చి, "మాస్టారూ, భీమిలిలో అమ్మగారి ఇల్లు కూలిపోనాదట కదండీ" అన్నాడు. ఎవరు చెప్పారంటే, సంతలో అనుకుంటున్నారన్నాడు. మంగళవారం పొద్దున్న మరొకరు వచ్చి అదే మాట చెప్పారు. మధ్యాహ్నం మూడోవారు. ముగ్గురూ మూడు వీధులవారు, ఒకరితో ఒకరికి పరిచయం లేనివారు. ఇంక అనుమానమెందుకు? ఆ మంగళవారం రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

మా ఆవిడ ఎదురింట్లో వెళ్ళబోసుకున్న భయమే ఊరంతా తిరిగి, 'ఏమో' అనే మాటను దారిలో పారేసుకుని, వార్త వేషం వేసుకుని మా గుమ్మంలోకి మూడుసార్లు వచ్చిందని మాకు ఎన్నో రోజుల తరువాతగాని తెలియలేదు.

మా బావమరిది ఈ కథ విని, "ఇది మా పాఠ్యపుస్తకాల్లో వున్నది బావగారూ!" అని గంతువేసినంత పని చేశాడు. వాడి అక్క కళ్ళు తుడుచుకోవడం చూసి మళ్ళీ సర్దుకున్నాడు. ఆ పాఠం ఏమిటో వాడు చెప్పినది నాకు అర్థమైనంత మేరకు చెబుతాను.

వరుసగా మూడిళ్ళు వున్నాయనుకోండి. చివరి ఇంట్లో పంచదార వున్నది. నడిమింటావిడ, "పంచదార నాకు ఒక గడప దూరం" అన్నది. అది విని మొదటింటావిడ, "అయితే నాకు రెండు గడపలు" అనుకున్నది. ఒకనాడు చివరింటివారు తలుపు తాళంవేసి ఊరికి వెళ్ళారు. నడిమింటావిడకు ఆ సంగతి తెలుసు. కాని అంతలో మొదటింటావిడ, "నాకు రెండు గడపల దూరంలో పంచదార వున్నది" అని పాతమాటే అన్నది. ఆ రెండు గడపల్లో ఒకటి తన గడపేనని నడిమింటావిడకు తట్టలేదు. "ఓహో, ఈవిడకు ఇంకేదో దారి వున్నది కాబోలు. అయితే నాకు మూడు గడపలు" అన్నది. అది విని మొదటింటావిడ, "అలాగా, అయితే నాకు నాలుగు" అన్నది. ఇవతలినుంచి అయిదు, అవతలినుంచి ఆరు. పంచదార లేదు, అది వున్నదన్న మాట మాత్రం ఇద్దరి మధ్యా ఊగుతూ పెరుగుతూనే వుంటుంది. అనంతం దాకా లెక్కపెట్టడం అని దీనికి పేరట.

దీనిలో నాకు వింతగా తోచినది ఒకటున్నది. మన లోకంలో చెడ్డ వార్తకు రెక్కలుంటాయి, మంచి వార్త కుంటుతూ వస్తుంది. ఈ పెట్టెల లోకంలో తిరగబడింది. దారి తెరుచుకున్నదంటే క్షణంలో ఊరంతా తెలుస్తుంది. దారి మూసుకున్నదంటే ఎవరూ ఒక పట్టాన నమ్మరు.

దీనికి వాళ్ళు కనిపెట్టిన మందులు రెండు. ఎవరి నోట విన్నమాటను వారికే తిరిగి చెప్పకూడదు, ఇది ఒకటి. దూరం పదహారు గడపలకు చేరితే ఆ ఇల్లు లేనట్టే లెక్క, ఇది రెండవది. 1988లో రాసిపెట్టిన ఒక పద్ధతిలో అనంతం అంటే పదహారు! ఉపనిషత్తులు చదివినవాడిని, నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

మొదటి మందు కూడా ఇద్దరి మధ్యనే పనిచేస్తుంది. ముగ్గురు నలుగురు చుట్టూ కూర్చుని అదే మాట తిప్పితే పనిచేయదు. మా ఇంటికి వచ్చిన వార్త ఆ బాపతే.

ఇక అబద్ధం సంగతి. 1970 తరువాతి తొలి సంవత్సరాలలో ఆర్పానెట్టుకు చెందిన హార్వర్డు పెట్టెకు జబ్బు చేసింది. దాని జ్ఞాపకంలో కొంత భాగం చెడి, అన్ని అంకెలూ సున్నాలైపోయాయి. ఇంకేమున్నది, "ఏ ఊరైనా సరే నాకు సున్నా గడపల దూరం" అని చాటడం మొదలుపెట్టింది. పక్క పెట్టెలు మర్యాదస్తులు. నమ్మాయి. అమెరికాలో నడుస్తున్న ఉత్తరాలన్నీ హార్వర్డు బావిలోకి వచ్చి పడ్డాయి, పడినవి పడినట్టే మాయమయ్యాయి. ఆ పెట్టెకు దురుద్దేశం లేదు. జబ్బు మాత్రమే. కాని వలకు జబ్బువాడైనా అబద్ధాలవాడైనా ఒకటే.

అది పాతమాట అనుకోకండి. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తానులో యూట్యూబును ఆపాలని, ఆ దేశపు టెలిఫోను సంస్థ, "యూట్యూబుకు దారి ఇటు" అని ఒక బోర్డు పెట్టింది. తమ దేశంవారిని గోతిలోకి తిప్పడం వారి ఉద్దేశం. బోర్డు సరిహద్దు దాటింది. పక్కవాడు నమ్మాడు, వాడి పక్కవాడు వాణ్ణి నమ్మాడు. రెండుగంటలపాటు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబు కనిపించలేదు. ఆ తరువాతి సంవత్సరాలలో, ఎవరి ఊరికి ఎవరు దారి చెప్పవచ్చునో ముద్రవేసిన పత్రం చూపించమనే పద్ధతి మెల్లమెల్లగా అమలులోకి వచ్చింది.

నాకు అన్నిటికన్న మనసుకు తగిలినది 1980 అక్టోబరు 27నాటి ముచ్చట. అప్పటికి ఆర్పానెట్టువారు పద్ధతి మార్చారు. ఒక్కొక్క పెట్టె తన చుట్టుపక్కల సంగతులు రాసి, దానికి ఒక వరుస అంకె వేసి, వలంతా చాటుతుంది. అంకె పెద్దదైతే కొత్తమాట, చిన్నదైతే పాతమాట. అరవైమూడు దాటితే మళ్ళీ సున్నా, గడియారం ముల్లు లాగా. ఆనాడు ఒక పెట్టెలో చిన్న లోపం వల్ల ఒకే మాటకు మూడు అంకెలు పడి బయలుదేరాయి: 8, 40, 44. చక్రంలో చూస్తే 8 కన్న 40 కొత్తది. 40 కన్న 44 కొత్తది. మళ్ళీ 44 కన్న 8 కొత్తది! ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ ఆ మూడు మాటలూ వలలో తిరగడం మొదలుపెట్టాయి. ప్రతి పెట్టే, "ఇదిగో కొత్త వార్త" అని పక్కవాడికి అందించడంతోనే సరిపోయింది. అసలు ఉత్తరాలు నడవలేదు. కొన్ని గంటలపాటు వల మొత్తం చచ్చుపడింది. చివరకు మనుషులు పూనుకుని, ఆ మాటలు ఏ పెట్టె పేరుతో తిరుగుతున్నాయో దాని మాట ఏదైనా సరే వినవద్దని అన్నిటికీ చెప్పవలసివచ్చింది.

మాకు అమ్మ క్షేమం తెలిసిన తరువాత కూడా, శుక్రవారంనాడు ఒక పెద్దాయన చేతికర్రతో ఆపసోపాలు పడుతూ వచ్చి, మమ్మల్ని ఓదార్చి, కంటతడిపెట్టుకుని వెళ్ళాడు. "ఆవిడ బాగానే వున్నదండీ" అని మా ఆవిడ చెబితే, "ధైర్యం అలాగే నిలుపుకోవాలమ్మా" అన్నాడు. ఆయన చేతిలోని వార్తకు 44 అంకె పడివుంటుంది.

టవర్లు లేకుండా ఫోన్లే ఒకదానికొకటి మాట అందించుకుంటే తుఫానులో ఉపయోగపడదా అని మీకు తట్టివుంటుంది. నేనూ అదే అడిగాను. అటువంటి వలలు వున్నాయట. ఎవరూ అల్లనక్కరలేదు, వాటంతట అవే అల్లుకుంటాయి. కొత్త పెట్టె మేడమీద పెట్టగానే, "నేనున్నాను" అని పలకరిస్తుంది. విన్నవారు ఆ పలకరింపును ముందుకు అందిస్తారు. ఫలానావాడి పలకరింపు ఏ పక్కనుంచి ఎక్కువసార్లు చెవినిపడుతున్నదో, వాడికి పంపే ఉత్తరం ఆ పక్కకు అందిస్తే సరి. కొంతకాలం పలకరింపు వినిపించకపోతే కొట్టివేస్తారు. బెర్లిను నగరంలో ఫ్రైఫుంక్ అనే పేరుతో కుర్రవాళ్ళు ఇంటి కప్పుల మీద ఇలాగే అల్లుకున్నారు.

మన దేశంలోనూ అల్లారు. 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఒక రకం రేడియో తరంగాలను లైసెన్సు లేకుండా ఆరుబయట వాడుకోనిచ్చింది. మరునెలకే హిమాచల్‌ప్రదేశ్‌లోని ధర్మశాలలో, టిబెట్టు శరణార్థుల బడులూ సంస్థలూ వున్న కొండల మీద, ఇటువంటి వల లేచింది. ముప్పైకి పైగా పెట్టెలయ్యాయి. వాళ్ళకు శత్రువులు వానా పిడుగూ కాదుట, కోతులు. ఏరియల్ కనబడితే ఎక్కి ఊగుతాయి. కోతి ఊగినా నిలిచే కమ్మీలు వాడవలసివచ్చింది.

అయితే దీన్ని సంజీవని అనుకోవద్దని మా బావమరిది హెచ్చరించాడు. ఒక రేడియో ఒకే సమయంలో వినలేదు, మాట్లాడలేదు. చేతులు మారినకొద్దీ వేగం తగ్గుతుంది. పరుల ఉత్తరాలు మోసే ఫోనుకు మన బ్యాటరీయే ఖర్చు. ఫోను మాట కొన్ని పదుల గజాలకు మించి పోదు. భీమిలికీ మాకూ నడుమ వున్న పొలాల్లో ఎవరు ఫోను పట్టుకుని నిలుచుంటారు?

"అలాంటి చోట బస్సు నయం" అన్నాడు. కర్ణాటకలో దొడ్డబళ్ళాపురం పల్లెల్లో డాక్‌నెట్ అని చేసి చూశారట. 2000 తరువాతి తొలి సంవత్సరాల మాట. రోజూ తిరిగే బస్సులో ఒక పెట్టె పెట్టారు. పల్లెలో బస్సు ఆగినప్పుడు అక్కడి కంప్యూటరులోని భూముల అర్జీలు గాలిలోనే పెట్టెలోకి ఎక్కుతాయి. పట్నం చేరాక దిగుతాయి. దారి లేనప్పుడు మాటను దాచుకుని, మోసుకునిపోయి, దారి దొరికినచోట అందించడమన్నమాట.

అమ్మ కబురు అలాగే వచ్చింది. బుధవారం పొద్దున్న, మా పాలవాడు క్యాను దించి, "మాస్టారూ, తగరపువలసలో ఒక ఆటోవాడు చెప్పాడండి. వాడికి భీమిలిలో చేపలమ్మే ఆమె చెప్పిందటండి. మీ అమ్మగారు బాగానే వున్నారట. పెరట్లో కొబ్బరిచెట్టు పడిందట" అన్నాడు.

మా పెరట్లో కొబ్బరిచెట్టు లేదు. నా ప్రాణం మళ్ళీ కిందికి జారిపోయింది. ఇదీ ఆ తిరుగుడు మాటే కాబోలుననుకున్నాను.

పాలవాడు క్యాను ఎత్తుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఇంకో మాట చెప్పమన్నారటండి. ఏదో కాలుకట్టు తడపొద్దని. రాత్రిళ్ళు దిండు ఎత్తుమీద పెట్టుకోమని."

నా కాలు విరిగిన సంగతి తగరపువలసలో ఎవరికి తెలుసు? దిండు మాట ఆవిడ ఆస్పత్రిలో నాకు వందసార్లు చెప్పింది. మా ఆవిడ అక్కడే గుమ్మంలో కూలబడి, ఏడుస్తూ నవ్వింది. పాలవాడు ఏమీ అర్థంకాక నిలబడిపోయాడు.

పడినది మామిడిచెట్టట. నాలుగు నోళ్ళు మారేసరికి కొబ్బరిచెట్టయింది.